కస్టమర్ వేసే మార్కులను ఇంక్రిమెంటుకు ముడిపెట్టవచ్చా?

టీమ్‌లీడ్:
వచ్చే ఏడాది నుంచి మా సంస్థలో ఇంక్రిమెంట్లూ ప్రమోషన్లూ కస్టమర్ స్కోరును బట్టే ఉంటాయట. మా సేవను ఇతరులకు సిఫారసు చేస్తారా అని కాల్ ముగియగానే 0 నుంచి 10 దాకా మార్కు అడుగుతారు. 9, 10 వేసినవారి శాతంలోంచి 6 లేదా అంతకన్నా తక్కువ వేసినవారి శాతాన్ని తీసేస్తే వచ్చేదే స్కోరు. నాకిది సబబుగానే ఉంది. మన జీతం చివరికి కస్టమర్ జేబులోంచే వస్తుంది కదా. కాదనేవారు కారణం చెప్పండి.

పాతమేనేజరు:
నేను కాదంటాను. 2003లో అమెరికా వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైకెల్డ్ ఈ కొలతను ప్రతిపాదించింది సంస్థ మీద కస్టమర్లకున్న అభిమానం ఎంతో తెలుసుకోవడానికి. ఫోనెత్తిన ఒక్క మనిషిని తూచడానికి కాదు. బిల్లు తప్పుగా వేసేది ఒక విభాగం, డబ్బు వాపసు ఇవ్వకూడదని నియమం పెట్టేది మరో విభాగం. 2 మార్కులు పడేది మాత్రం ఆ సంగతి మర్యాదగా చెప్పిన ఉద్యోగికి. జీతంతో ముడిపెట్టాక ఏం జరుగుతుందో దగ్గరుండి చూశాను. పది వేయమని బతిమాలడం మొదలవుతుంది. కోపంగా ఉన్న కస్టమర్‌ను, తన ఖాతాలో సర్వే పడకుండా, ఇంకొకరికి బదిలీ చేస్తారు. చిక్కు కేసుల జోలికి ఎవరూ పోరు. వాటితో కుస్తీ పడితేనే కదా పని వచ్చేది! స్కోరు పెరుగుతుంది, ఫిర్యాదులూ పెరుగుతాయి. పైవారికి చూపించేది స్కోరు మాత్రమే.

కౌంటర్‌మనిషి:
బాగుంది, మరి స్కోరు తీసేస్తే మిగిలేదేమిటి? బాస్ అభిప్రాయం. ఓపికగా పనిచేసేవారిని పక్కనపెట్టి, మీటింగుల్లో గొంతు పెంచేవారిని పైకెక్కించే పద్ధతికి నేను బలయ్యాను. నేనెవరి మనిషినో కస్టమర్‌కు తెలియదు. నాకు ఆ మార్కే నయం.

పాతమేనేజరు:
బాస్ పక్షపాతం నిజమే. అయితే అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గోలో అంకెలను నమ్ముకున్నందుకు ఏమైంది? ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ఖాతాలు లేదా కార్డులు అంటగట్టాలని లక్ష్యం పెట్టారు. అందుకోలేని సిబ్బంది కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి.

కౌంటర్‌మనిషి:
అది అమ్మకాల లక్ష్యం, సంతృప్తి స్కోరు కాదు. పోలిక కుదరదు.

పాతమేనేజరు:
పేరు వేరే, ఒప్పుకుంటాను. కానీ ఆ బ్యాంకు కూడా ఆ అంకెను కస్టమర్‌తో బలమైన అనుబంధానికి గుర్తుగానే చెప్పుకుంది. జీతం దేని మీద ఆధారపడితే మనిషి దాన్నే సాగు చేస్తాడు.

టీమ్‌లీడ్:
సగం ఒప్పుకుంటున్నాను. స్కోరును వ్యక్తికి కాకుండా మొత్తం విభాగానికి లెక్కకట్టమనీ, బిల్లింగ్ వారినీ అందులో కలపమనీ అడుగుతాను. తక్కువ మార్కు వేసినవారికి మేనేజరే ఫోన్ చేసి కారణం కనుక్కోవాలని కూడా.

కౌంటర్‌మనిషి:
ఆ చివరిదానికి మీ మేనేజర్లు ఒప్పుకుంటే ఇక్కడ రాయండి. విభాగమంతటికీ ఒకే స్కోరంటే మాత్రం పనిదొంగలకు పండగే.