లాగ్ స్కేల్‌లో సున్నాలు కనబడటం లేదు, ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం చిత్తూరు దగ్గరి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పాలు తెచ్చి, పచ్చివి, కాచినవి రెండింట్లోనూ బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టాను. పచ్చిపాలలో మిల్లీలీటరుకు 8 లక్షల దాకా వచ్చాయి. కాచినవాటిలో కొన్ని ప్లేట్లు (బ్యాక్టీరియాను పెంచే పళ్లేలు) అద్దంలా ఉన్నాయి, ఒక్క చుక్క లేదు.

మామూలు గ్రాఫులో చిన్న అంకెలన్నీ అడుగుకు అతుక్కుపోయాయి. అందుకని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ) వై అక్షాన్ని లాగ్ స్కేల్‌కు మార్చాను. 10, 100, 1000 సమాన దూరాల్లో చక్కగా వచ్చాయి గానీ సున్నా శాంపిళ్లు మాయం! సున్నాకు లాగ్ ఉండదని తెలుసు. కానీ కాచడం వల్ల ఏం జరిగిందో చెప్పేవి అవే కదా.

ఫ్రెండు అన్నింటికీ 1 కలిపేయమంటోంది. నాకు మనసొప్పడం లేదు. ప్లేటు మీద 0.1 మిల్లీలీటరే వేశాను, అంటే ఒక్క కాలనీ వచ్చినా మిల్లీలీటరుకు లెక్క 10 అవుతుంది. నా సున్నాకు అసలు అర్థం '10 కంటే తక్కువ' అనే.

సిమ్‌లాగ్ (సున్నా దగ్గర మామూలు స్కేలు, ఆ పైన లాగ్ స్కేలు) పెడితే సున్నాలు కనిపించాయి. అయితే లిన్‌థ్రెష్ (మామూలు స్కేలు ఎక్కడి దాకా ఉండాలో చెప్పే అంకె) 1 ఇస్తే ఒకలా, 100 ఇస్తే ఇంకోలా ఉంది బొమ్మ. 10 ఇవ్వడం సబబేనా? లేక సున్నాలను కింద వేరే పట్టీలో గీయాలా? ఇలాంటిది చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి, వచ్చే వారమే మా గైడ్‌కు చూపించాలి.