వ్యాక్యూమ్ ఫిల్టర్: నీళ్లతో కడగాలా, గాలి కొట్టాలా?

ప్లైవుడ్_పొట్టు
మాడ్యులర్ కిచెన్ వర్క్‌షాప్‌లో 30 లీటర్ల వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్, మడతల కార్ట్రిడ్జ్ ఫిల్టర్. రోజూ ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక), ప్లైవుడ్ కటింగ్. వారానికి ఒకట్రెండు రోజులు సైట్‌లో పుట్టీ శాండింగ్. పావుగంటకే పీల్చే పట్టు తగ్గిపోతోంది. కుళాయి కింద పెట్టి కడగమని ఒకరు, నీళ్లు తగిలితే ఫిల్టర్ పోయినట్టేనని ఇంకొకరు, కంప్రెసర్ గాలి కొడితే చాలని మరొకరు. ఎవరి మాట వినాలి?

గాలిమర
కంప్రెసరే. అయితే ట్యాంకులో ఉన్న 8 బార్లూ నేరుగా వదిలితే మడతలు చిరుగుతాయి. రెగ్యులేటర్‌ని 2 బార్లకు, అంటే సుమారు 30 పీఎస్ఐకి దించండి. నాజిల్ జానెడు దూరంలో పట్టుకుని, ఫిల్టర్ లోపలి నుంచి బయటికి కొట్టండి. ఒక్కచోటే ఆపకుండా మడత వెంబడి పైనుంచి కిందికి రావాలి. దుమ్ము చేరేది బయటివైపు కాబట్టి, బయటి నుంచి కొడితే అది పోగుల్లోకి ఇంకా దిగబడుతుంది. ఐదు నిమిషాల పని, ఆరబెట్టే గొడవ లేదు.

నీళ్లబిందె
ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుంది అన్నా? వర్క్‌షాప్ గాల్లోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ ఎప్పుడో తేల్చింది. ఇంత కష్టపడి పట్టిన పొడిని మళ్లీ గాల్లోకి వదలడానికా వ్యాక్యూమ్ కొన్నది?

పాలిస్టర్ ఫిల్టర్ అయితే కడగడమే మేలు. ముందు ఫిల్టర్‌ని పెద్ద పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి బిగించి, ప్లాస్టిక్ అంచుని అరచేత్తో తట్టాలి. వదులు పొడి రాలిపోతుంది. తర్వాత కుళాయి సన్నటి ధారతో లోపలి నుంచి బయటికి, తేట నీళ్లు వచ్చేదాకా. సర్ఫ్ వద్దు, బ్రష్ వద్దు, ప్రెషర్ వాషర్ జోలికి అసలే పోవద్దు. పిండకుండా విదిలించి, నీడలో ఫ్యాన్ కింద నిలబెట్టండి. కనీసం 24 గంటలు, వానాకాలంలో రెండు రోజులు. మండుటెండలోనో హీట్ గన్ ముందో పెడితే అంచు జిగురు వదులుతుంది. తడి ఆరకుండా బిగిస్తే కొత్త పొడి ముద్దలా అంటుకుంటుంది, బూజు వాసన మొదలవుతుంది.

పుట్టీ_మేస్త్రి
ప్లైవుడ్ గారూ, మీరు మధ్యలో చెప్పిన పుట్టీ మాట అందరూ దాటేశారు. గోడలకు పెట్టే పొడి పుట్టీ ఎక్కువగా వైట్ సిమెంట్‌తో చేసిందే. గోడ మీద గట్టిపడ్డాక శాండింగ్ చేసినా అందులో నీళ్లు అందని సిమెంట్ కొంత మిగిలే ఉంటుంది. దాని మీద నీళ్లు పోస్తే మడతల అడుగున బురదై, ఆరాక పెంకు కడుతుంది. పెచ్చులు గిల్లబోతే ఫిల్టరే చిరుగుతుంది. సిమెంట్, పీవోపీ దుమ్ము పట్టిన ఫిల్టర్‌కి నీళ్లు చూపించకండి.

గ్రానైట్ కటింగ్, గోడకు గాడి కొట్టడం లాంటి పని ఉంటే గాలి కూడా కొట్టొద్దు. అది సిలికా పొడి, సిలికోసిస్ తెచ్చేది. ఆ పనికి లోపల ఫ్లీస్ బ్యాగ్ (దుమ్ము పట్టే గుడ్డలాంటి సంచి) పెట్టి, నిండగానే బ్యాగుతో సహా మూతి కట్టి తీసేయడమే.

గాలిమర
సిమెంట్ సంగతి ఒప్పుకుంటున్నా. నీళ్లబిందె గారు చెప్పిన ఊపిరి సంగతీ నిజమే. అందుకే ఆరుబయట, గాలికి వీపు పెట్టి, ఎన్95 మాస్క్ కట్టుకుని కొట్టాలి. ఒక్క మాట మాత్రం వదలను: చాలా ఫిల్టర్లు కాగితంవే. కాగితమో పాలిస్టరో తేల్చడానికి నీళ్ల బొట్టు వేసి చూడమని కొందరు చెప్పే చిట్కా నమ్మకండి, రెజిన్ పట్టించిన కాగితం మీద కూడా బొట్టు కాసేపు నిలుస్తుంది. డబ్బా మీదో ఫిల్టర్ మూత మీదో ‘వాషబుల్’ అని ఉంటేనే కడగండి. గ్లాస్ ఫైబర్ హెపా (అతి సన్నటి దుమ్మును ఆపే రకం) అయితే తడి తగలకూడదు, గాలీ తగలకూడదు. 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం ఆపే ఫిల్టర్‌కి సూది బెజ్జం పడితే ఆ లెక్కకు అర్థం లేదు.

ఇంకోటి, రోజూ తెల్లగా మెరిసేలా శుభ్రం చేయడం తెలివి కాదు. మడతల మీద మిగిలే పలచటి పొడి పొర కూడా సన్న దుమ్మును ఆపుతుంది. పట్టు తిరిగి వచ్చిందంటే ఆపేయండి.

వైండింగ్_షాపు
ఫిల్టర్ మూసుకుపోతే లోడ్ పెరిగి మోటారు కాలుతుందని అంటుంటారు. లోడ్ పెరగదు, తగ్గుతుంది. లాగడానికి గాలి లేక ఫ్యాన్ తేలిగ్గా తిరుగుతుంది, స్పీడు పెరిగి కీచుమంటుంది. క్లాంప్ మీటర్ పెడితే ఆంపియర్లు తగ్గినట్టే చూపిస్తుంది. కాలడానికి కారణం వేరు: లాగిన గాలితోనే మోటారు చల్లబడే మోడళ్లలో ఆ గాలి అందదు. వెట్ అండ్ డ్రై వాటిలో సాధారణంగా చల్లబరిచే గాలికి వేరే దారి ఉంటుంది కాబట్టి కొంత నయం.

కడిగినా, కొట్టినా తర్వాత చీకటి గదిలో ఫిల్టర్ లోపల టార్చి పెట్టి చూడండి. సన్నగా మసకగా వెలుగు కనిపిస్తే మామూలే, చుక్కలా మెరిస్తే అక్కడ బెజ్జం ఉన్నట్టు. బిగించాక గాలి బయటికొచ్చే చోట తడి తెల్లగుడ్డ రెండు నిమిషాలు అడ్డుపెట్టండి. మసి పడితే ఫిల్టరో గాస్కెట్టో (అంచు సందు మూసే రబ్బరు పట్టీ) లీకు.

బకెట్_సైక్లోన్
ఫిల్టర్ దాకా పొడి రానివ్వడం ఎందుకు? మధ్యలో సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొడిని కింది బకెట్‌లో పడేసే గరాటు) పెట్టండి. రంపపు పొట్టు, ఎండీఎఫ్ పొడి చాలావరకు బకెట్‌లోనే పడిపోతాయి. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ చాలు, కాకపోతే పైపు అడ్డుపడితే పీల్పుకి నలిగి లోపలికి ముడుచుకుంటుంది. ఒకదాంట్లో ఒకటి రెండు బకెట్లు పెడితే తట్టుకుంటుంది.

పుట్టీ_మేస్త్రి
పొట్టుకి సైక్లోన్ భేషుగ్గా పనిచేస్తుంది. పుట్టీ అంత సన్నటి పొడి దానికి దొరకదు తమ్ముడూ, గాలితోపాటు ఫిల్టర్ దాకా వచ్చేస్తుంది. దానికి బ్యాగే.

ప్లైవుడ్_పొట్టు
చూశాను, నాది పాలిస్టరే, మూత మీద వాషబుల్ అని ఉంది. చెక్క పనికి ఇది, పైన సైక్లోన్. పుట్టీకి వేరే ఫిల్టర్, లోపల ఫ్లీస్ బ్యాగ్. కలిసిపోకుండా మార్కర్‌తో రాస్తాను.

నీళ్లబిందె
ప్లాస్టిక్ మూత మీద రాయండి, మడతల మీద కాదు. మార్చిన ప్రతిసారీ గాస్కెట్ కూర్చునే గాడిని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి బిగించండి. అక్కడ రెండు చెక్కపొడి రేణువులున్నా గాలి ఆ సందులోంచే దూరుతుంది.