బెజ్జమహాదేవి ద్విపద, ఏకాంత రామయ్య కథ: ఒకే పుస్తకంల రెండూ

"తల్లి యున్న విషంబు ద్రావ నేలిచ్చు" – పాల్కురికి సోమనాథుడు, బసవపురాణం

శివభక్తుల కథలు చెప్పే బసవపురాణంల ఈ లైన్ పోస్ట్ చేసినంక ఒక అక్క అడిగింది, జైనుల మీద అంత కోపమున్న పుస్తకాన్ని ఎట్ల నెత్తిన పెట్టుకుంటరు అని. ఒక్క ముక్కల తేలేది కాదు, అందుకే పొడుగ్గ రాస్తున్న.

ముందుగాల పద్యం సంగతి. శివునికి తల్లి లేకపాయె, ఉంటే తపసి కానిస్తదా, జడలు కట్టనిస్తదా, విషం తాగనిస్తదా అని బెజ్జమహాదేవి అనే భక్తురాలు దుఃఖపడి తనే తల్లి అయితది, చంటిపిల్లకు చేసినట్టు లింగానికి నీళ్లు పోస్తది కాటుక పెడ్తది పాలు పడ్తది. ఈ ద్విపద పాదంల గణాలు (అక్షరాల గుంపులు) చూడుండ్రి: తల్లియు, న్నవిషంబు, ద్రావనే, లిచ్చు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, త కు ద్రా తోటి యతి, అంటే అక్షరాల పొంతన. లెక్క అంత పక్కాగ ఉన్నా ఇంట్ల పెద్దమ్మ గదమాయించినట్టే వినవడ్తది. గరళం మింగి లోకాలను కాపాడిండని అందరూ మొక్కుతరు, ఈమె మాత్రం పిల్లగాణ్ని పట్టించుకునేటోళ్లు లేరని ఏడుస్తది. నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటది ఇక్కడ.

అదే పుస్తకంల ఏకాంత రామయ్య అనే శివభక్తుడు ఉన్నడు. కర్ణాటకల ఉన్న అబ్బలూరుల జైనులతోటి పందెం వేసి తన తల శివునికిస్తడు, తల మళ్ల అతుక్కుంటది, జైనుల విగ్రహాలు పగులుతయి. కవి దాన్ని పండుగ లెక్కనే చెప్తడు. మాది పాత నల్గొండ జిల్లా. మా కొలనుపాకల సోమేశ్వరుని గుడీ ఉన్నది జైన మందిరమూ ఉన్నది, ఒక్కరోజుల రెండూ మొక్కి వచ్చేటోళ్లల్ల నేనూ ఉన్న. నాకు ఆ కథ మింగుడుపడదు.

"ఆ కాలం అట్లుండె" అని ఒక అన్న రాసిండు. అన్నా, ఆ కాలంల జైనులు గూడ ఉన్నరు గద, వాళ్లకు అది అప్పుడే నొచ్చి ఉంటది. ఇంకో తమ్ముడు ఆ కథ వదిలేసి మిగతాది చదువుదాం అన్నడు, అదీ నాకు కుదరదు. శివుడు తప్ప ఇంకొకరు లేరు అనే పట్టుదలనే బెజ్జమహాదేవిని తల్లిని చేసింది, బట్టలుతికే మడివాలు మాచయ్యను, చెప్పులు కుట్టే మాదార చెన్నయ్యను మహాభక్తులుగ నిలబెట్టింది, ఆ పట్టుదలనే అబ్బలూరుల విగ్రహాలూ పగులగొట్టింది. ఒకటి ఉంచుకొని ఇంకోటి పారేస్తే సోమనాథుడు మిగలడు, మనకు నచ్చిన ఇంకెవరో మిగుల్తరు.

అక్కా, నెత్తిన పెట్టుకోమని నేను అనను, మొత్తం చదవమంట. క్లాసుల బెజ్జమహాదేవిని చెప్పే తెలుగు సార్లు, మేడంలు రామయ్య కథ గూడ అదే వారం చెప్తే మంచిగుంటది, పిల్లలు అడిగే ప్రశ్నలకు టైం ఇయ్యాలె గాని.