ఎన్నికల ముందు అభ్యర్థులు మనకు చెబుతున్నది విధానమేనా?

కోనసీమ వరి రైతు (చర్చ ప్రారంభం):

2024 మే 13న పోలింగ్ జరగడానికి ముందు వారాల్లో మా ఊరికి మూడు పార్టీల అభ్యర్థులు వచ్చారు. ముగ్గురినీ రామాలయం దగ్గర కలిసి ఒకే ప్రశ్న అడిగాను: మా చేలలో నీరు దించే మురుగు కాలువ పూడిక ఎప్పుడు తీయిస్తారు, అది సముద్రంలో కలిసే చోటు, అంటే దాని మొగ, ఎవరు తెరిపిస్తారు? ఒకరు పార్టీ మేనిఫెస్టో చూసుకోమన్నారు, ఒకరు ముందు గెలిపించమన్నారు, మూడో ఆయన సమాధానం చెప్పకుండానే పక్క వీధికి వెళ్ళిపోయారు. ముగ్గురూ ఏ ఇంటికి ఎంత సొమ్ము వస్తుందో మాత్రం పైసాతో సహా చెప్పగలిగారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టాకు నీరు రావడం గురించే అందరూ మాట్లాడుతున్నారు గాని, వచ్చిన నీరు పోయే దారి గురించి మాట్లాడేవారు లేరు. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టులో చివరి భూములకు అసలు బాధ అదే. సార్వా (ఖరీఫ్) నాట్లు ఆలస్యమైతే కోతలు నవంబరు తుపానుల్లో పడతాయి, పడిన వాన దిగక పనలు చేలోనే మొలకెత్తుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా కారణమే. దాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్ళీ పంట విరామం మాట వినిపించింది. పొలం, నీరు రెండూ ఉండి కూడా సాగు చేయబోమని రైతు చెప్పిన తరువాత సైతం ఓటు అడగడానికి వచ్చే మనిషి దగ్గర దానికి జవాబు లేకపోతే, ఆయన చెప్పేదాన్ని విధానమని నేను అనలేను.

పాలకొల్లు విశ్రాంత ఉపాధ్యాయుడు:

రైతు గారి బాధ నాకు అర్థమైంది గాని, ఇంటికి అందే సాయాన్ని విధానం కాదని తీసివేయడం సరికాదు. 1983 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు గారు కిలో 2 రూపాయల బియ్యం అన్నారు, గెలిచాక ఇచ్చారు. 2004లో రాజశేఖరరెడ్డి గారు వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అన్నారు, ప్రమాణ స్వీకారం రోజునే దాని మీద సంతకం చేశారు. ఈ రెండూ ముందుగా చెప్పినవి, ఎవరికి ఏమి అందుతుందో స్పష్టంగా ఉన్నవి, తరువాత ఎవరు వచ్చినా తీసివేయడానికి జంకినవి. సెంటు భూమి లేని కూలి ఇంటికి మురుగు కాలువ కన్నా ముందు బియ్యమే కనబడుతుంది, అందులో తప్పేమీ లేదు. పైగా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం తరువాత శాసనసభ్యుడు పార్టీ ఆదేశానికి, అంటే విప్‌కు, కట్టుబడి ఓటు వేయవలసిందే. విడిగా ఆయనకొక దార్శనికత ఉన్నా సభలో దానికి చోటు ఎంత?

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయినవాడిని:

మాస్టారి చివరి మాటకు జవాబు చెబుతాను. మురుగు కాలువకు శాసనం అక్కర్లేదు, అంచనా, నిధి, సమయం కావాలి. ఏటా వేసవిలో నీరు ఆపి కాలువలు కట్టేసే కొద్ది వారాల్లోనే పని జరగాలి. ఆ సమయానికి టెండర్లు పూర్తి కాకపోతే జూన్‌లో నీరు వదిలేస్తారు, ఇక ఆ ఏడు పోయినట్టే. గుర్రపుడెక్క పైపైన తీసి బిల్లు చేసుకుంటే రెండు నెలల్లో మళ్ళీ అల్లుకుంటుంది, అడుగున ఉన్న మేట అలాగే ఉంటుంది. పోటు సమయంలో సముద్రపు నీరు వెనక్కు ఎగదన్నుతుంది కాబట్టి, మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పైన ఎంత తవ్వినా ప్రయోజనం ఉండదు. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంబడి ఉప్పునీటికి కొబ్బరి చెట్లు ఎలా మోడులయ్యాయో చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు.

కాబట్టి అభ్యర్థిని అడగవలసింది చేస్తారా అని కాదు. మొగ నుంచి పైకి తవ్వుతారా, పై నుంచి కిందికా? అంచనాలు ఏ నెలలో పంపిస్తారు? 1997 చట్టం కింద ఏర్పడిన రైతుల నీటి సంఘాలకు పని మీద పర్యవేక్షణ ఇస్తారా? వీటికి నోరు తెరిచి జవాబు చెప్పగలిగిన అభ్యర్థిని నా సర్వీసు మొత్తంలో ఒక్కరినే చూశాను, ఆయన ఓడిపోయారు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం మంజూరై రెండు దశాబ్దాలు దాటినా ప్రతి ఎన్నికలో అది కొత్త హామీగానే వస్తున్నదంటే, ఎప్పటికి, ఏ సొమ్ముతో అని మనం పట్టుబట్టకపోవడమే కారణం.

కాకినాడ విద్యార్థిని, మొన్ననే మొదటిసారి ఓటు వేశాను:

నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లు నేను చదివాను. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, అన్నీ ఉన్నాయి. ఏమి చేయదలచుకున్నారో రాయడానికి మాత్రం గడి లేదు. ఎన్నికల ఉచిత హామీల మీద వచ్చిన సుబ్రమణ్యం బాలాజీ కేసులో 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరువాత, ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో మేనిఫెస్టోల గురించి ఒక భాగం చేర్చింది. హామీకి హేతువు, సొమ్ము వచ్చే మార్గం స్థూలంగానైనా చూపాలని అందులో ఉంది. అది పార్టీకి వర్తిస్తుంది, మా నియోజకవర్గపు మనిషిని అడిగేది ఎవరు?

భీమవరం రొయ్యల రైతు:

నేను చెప్పేది కొందరికి నచ్చదు. ఆ మురుగు కాలువలో మా చెరువుల నీరు కూడా కలుస్తుంది. గట్లు ఆక్రమించి చెరువులు తవ్వినవారూ ఉన్నారు, వారిలో నా బంధువులూ ఉన్నారు. అభ్యర్థి నోరు తెరిచి ఆక్రమణలు తొలగిస్తానంటే చెరువుల ఓట్లు పోతాయి, తొలగించనంటే వరి ఓట్లు పోతాయి. కొల్లేరు సరస్సులో 2006లో ప్రభుత్వం ఆక్రమణ చెరువుల గట్లు తెగగొట్టినప్పుడు ఎన్ని ఇళ్ళ బతుకు తలకిందులైందో చూసిన మాకు ఆ భయం ఇంకా పోలేదు. మనలో మనం ఒక మాట మీదకు రాకుండా అభ్యర్థి ఒక్కడే స్పష్టంగా మాట్లాడాలనడం న్యాయమేనా? మౌనం ఆయనకు లాభంగా ఉండేలా చేసింది మనమే.

కోనసీమ వరి రైతు:

మాస్టారూ, బియ్యం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అది విధానమే. నేను తప్పు పట్టేది ఇంటికి ఇచ్చేదాన్ని కాదు, ఊరందరిదీ అయిన పని గురించి ఆ పాటి స్పష్టతైనా లేకపోవడాన్ని. 2 రూపాయలని చెప్పగలిగిన నోటితో ఫలానా నెలలో ఫలానా మొగ అని కూడా చెప్పవచ్చు గదా.

రొయ్యల రైతు గారూ, మీ మాట నాకు ఎక్కువ తగిలింది. గట్టు మీద మా పెదనాన్న గారి కొబ్బరి మొక్కలు కూడా రెండు వరసలు ఉన్నాయి, అవీ ఆక్రమణే. అభ్యర్థిని నిలదీసిన రోజున ఆ సంగతి నేను చెప్పలేదు, చెప్పి ఉండవలసింది. ఈ వేసవి కాలువలు కట్టేసినప్పుడు మా ఊరి నుంచి మొగ దాకా డ్రెయిన్ వెంట నడిచి, మేట ఎక్కడుందో, గట్టు ఎవరిదెంత పోయిందో మాతో మొదలుపెట్టి రాయాలనుకుంటున్నాము. రిటైరైన అయ్యగారు వచ్చి కొలతలు చూస్తామంటే బండి పంపిస్తాను. చెరువుల వైపు నుంచి మీరో, మీవారో ఒకరు మాతో నడవాలి. లేకపోతే ఆ కాగితం వరి రైతుల ఫిర్యాదుగానే మిగిలిపోతుంది, వచ్చే అభ్యర్థి దాన్ని జేబులో పెట్టుకొని పక్క వీధికి వెళ్ళిపోతారు.

భీమవరం రొయ్యల రైతు:

మా బావమరిది అటువైపే ఉంటాడు. ఏ రోజో చెప్పండి, వాణ్ణి తీసుకొని నేనే వస్తాను.