‘వీల్ ఆఫ్ టైమ్’ సిరీస్: కుదించారా, కథనే మార్చారా?

కావలి నుంచి:
రాబర్ట్ జోర్డన్ మొదలుపెట్టిన ఫాంటసీ కథ ‘వీల్ ఆఫ్ టైమ్’ 14 నవలలు. ప్రైమ్ వీడియో 2021లో సిరీస్ మొదలుపెట్టి, మూడు సీజన్లయ్యాక 2025 మేలో ఆపేసింది. ఇష్టమొచ్చినట్టు మార్చినందుకే ఆగిపోయిందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నాకలా అనిపించట్లేదు. 14 పుస్తకాలను ఉన్నదున్నట్టు తీయడం ఎవరి తరం? చదివినవాళ్ళూ చూసినవాళ్ళూ చెప్పండి.

ఒంగోలు నుంచి:
నేను పుస్తకాలు చదవలేదన్నా, సిరీస్ మాత్రమే చూశాను. మొదటి సీజన్‌లో ఎవరు ఎవరో తెలిసేసరికే అయిపోయింది. మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్ చూశాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కథానాయకుడు రాండ్ ఒక్కో తరం వెనక్కి వెళ్తూ తన పూర్వీకుల జీవితాలు చూస్తాడు. ఆ పూర్వీకులందరి వేషమూ అదే నటుడు వేశాడు. బాగా కుదిరాక ఆపేశారని నా బాధ.

నెల్లూరు నుంచి:
కావలి అన్నా, కుదించడం తప్పని నేనూ అనను. మన తిక్కన సోమయాజి భీష్మపర్వంలో భగవద్గీతను ఎంత క్లుప్తం చేశాడు! అయినా అర్జునుడు ఎందుకు వెనకాడాడో, మళ్ళీ విల్లెందుకు పట్టాడో చెక్కుచెదరలేదు. నేను సిరీస్ వాళ్ళని అడిగేదీ అంతే.

రాండ్ స్నేహితుడు పెరిన్ సంగతి చూడండి. నవలలో పెళ్ళికాని కుర్రాడు, కమ్మరి దగ్గర పని నేర్చుకుంటుంటాడు. ఒళ్ళు పెద్దది కాబట్టి ఎవరికి దెబ్బ తగులుతుందోనని ఆచితూచి కదులుతాడు. గొడ్డలి పట్టాలా, సుత్తి పట్టాలా అన్న మథనం పుస్తకాల తరబడి మెల్లగా పెరుగుతుంది. సిరీస్‌లో అతనికి ఒక భార్యను పెట్టి, మొదటి ఎపిసోడ్‌లోనే పోరాటం మధ్య పొరపాటున అతని గొడ్డలికే ఆమెను బలిచ్చారు. దాంతో స్వభావంలోంచి రావాల్సిన భయం ఒక ప్రమాదంలోంచి వచ్చింది. 14 పుస్తకాలకీ టైం చాలదంటారు కదా, మరి లేని కథ చేర్చడానికి టైం ఎక్కడిది? పైగా ఆ అమ్మాయిని చంపడానికే పుట్టించారు. నాకు ఎక్కువ కోపం దానిమీదే.

కందుకూరు నుంచి:
పుస్తకాలన్నీ చదివినదాన్ని. మూలంలో సాగతీత తక్కువేం కాదండీ. 2003లో వచ్చిన పదో నవలలో కథ దాదాపు కదలదు. తొమ్మిదో నవల చివర జరిగిన పెద్ద ఘటన వేళకి ఎవరెక్కడున్నారో చెప్పడానికే బోలెడు పేజీలు పోయాయి. ఇక చివరి మూడూ జోర్డన్ పూర్తిచేసినవి కావు. ఆయన 2007లో పోయారు. ఆయన నోట్సు, రాసిపెట్టిన భాగాలు తీసుకుని బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత 2013కి ముగించాడు. రాండ్ ఇంకో స్నేహితుడు మాట్ హాస్యం శాండర్సన్ చేతిలో వేరేగా ఉందని మొదట్లో గుచ్చుకునేది. అయినా ముగింపు అందింది, అదే సంతోషం. మా గుడ్లూరు ఎర్రన అరణ్యపర్వ శేషం పూరించకపోతే తెలుగు భారతానికి మధ్యలో గండి ఉండిపోయేది. ఇంకో చెయ్యి పడితే మూలం పాడైపోతుందంటే మన ప్రాంతం వాళ్ళం ఒప్పుకోకూడదు.

నెల్లూరు నుంచి:
మేడం, ఎర్రన ఆ శేషాన్ని నన్నయ పేరుమీదే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాశాడు. శాండర్సన్‌లో అలాంటి భక్తి నాకూ కనబడింది. సిరీస్‌లో కనబడలేదు. మూడో సీజన్ బాగుందని ఒంగోలు తమ్ముడు చెప్పింది మాత్రం ఒప్పుకుంటాను. అది ప్రధానంగా నాలుగో నవల మీద నడిచిన సీజన్, ఆ ఎపిసోడ్ కూడా నవలకి బాగా దగ్గరగా ఉంది.

ఒంగోలు నుంచి:
అయితే నాలుగో నవల నుంచి మొదలుపెట్టొచ్చా?

కందుకూరు నుంచి:
వద్దు తమ్ముడూ, మొదటిదాన్నుంచే చదువు. పదోదాని దగ్గర విసుగొస్తే ఇక్కడ అడుగు, ఏ అధ్యాయాలు దాటేయొచ్చో రాస్తాను.