క్లాట్ కోసం ఏడాది ఆపాలా, లాసెట్ రాయించి నెల్లూరులోనే చేర్పించాలా?

కందుకూరు మేనమామ:
అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఇంటర్ రెండో ఏడాది, సీఈసీ. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. లా తప్ప ఇంకేదీ చదవనని పట్టుబట్టి కూర్చుంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ డిసెంబరులో, ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలో, మన రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ ఆ తరువాత. హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థవాళ్లు, ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి తమ దగ్గర చేరితేనే క్లాట్‌లో సీటు వస్తుందంటున్నారు. మా బావగారేమో లాసెట్ రాయించి నెల్లూరు వి.ఆర్. లా కాలేజీలో వేస్తే చాలంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

కావలి వకీలు:
మీ బావగారి మాట వినండి. లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. గంటన్నరలో 120 ప్రశ్నలు. తప్పు రాసినా మార్కు కోసేది లేదు. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత. రాజ్యాంగం, న్యాయ పదాలు, వర్తమాన వ్యవహారాలు ఇంట్లో కూర్చుని కుదురుగా చదువుకోవచ్చు. క్లాట్ అంతా ఇంగ్లీషు. దరఖాస్తుకే నాలుగు వేలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. తెలుగులో చదువుకున్న పిల్లను తీసుకెళ్లి అందులో పడేయడం దేనికి? ఎక్కడ చదివినా, వకీళ్లను నమోదు చేసే బార్ కౌన్సిల్ ముందు పట్టా ఒకటే. నల్లకోటు నల్లకోటే.

పెన్నా గట్టు:
కోటు ఒకటే సార్, జేబుల్లోనే తేడా.

ఒంగోలు లా విద్యార్థిని:
నేనూ పదో తరగతి దాకా తెలుగు మాధ్యమమే. ఇప్పుడు విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. అన్నా, ఏడాది ఆపకండి. ఇంటర్‌తో పాటే రాయించండి. రాకపోతే వేసవిలో లాసెట్ ఎలాగూ ఉంది.

క్లాట్ రాయడానికి ముందుగా చట్టం తెలియనక్కరలేదు. 2020 నుంచి పద్ధతి మారిపోయింది. సుమారు 450 పదాల పాఠం ఇస్తారు, దాని కింద ప్రశ్నలుంటాయి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు నిమిషం, పాఠం చదవడం కూడా ఆ నిమిషంలోనే. చాలామంది దెబ్బతినేది చట్టం రాక కాదు, చదువు నెమ్మదై. లెక్కలు పది శాతమే, అవీ పదో తరగతి స్థాయివే.

మా ఊళ్లో ఒక శిక్షణ కేంద్రం డబ్బంతా ముందే కట్టించుకుని నాతో లాటిన్ సూత్రాలు, అధికరణల అంకెలు బట్టీ పట్టించింది. అదంతా పాత పరీక్షకు పనికొచ్చే చదువు. ఆ పుస్తకం ఇంకా మా అటక మీద ఉంది. కావాలంటే పంపిస్తాను, పొట్లాలు కట్టుకోవచ్చు.

కావలి వకీలు:
చట్టం తెలియకుండా లా ప్రవేశ పరీక్షా! బాగుందమ్మా. నీళ్లు లేని చెరువులో ఈత పోటీ పెట్టినట్టుంది.

ఒంగోలు లా విద్యార్థిని:
వెటకారం ఎందుకు సార్, ఒక నమూనా ఇస్తాను, మీరే చేయండి. పాఠంలో ఇలా ఉందనుకోండి: "తన భూమిలోకి ప్రమాదకరమైనదాన్ని తెచ్చి నిల్వ ఉంచినవాడు, అది బయటపడి పక్కవారికి నష్టం చేస్తే, ఎంత జాగ్రత్త పడినా బాధ్యుడే. ప్రకృతి విపత్తు ఒక్కటే మినహాయింపు." ప్రశ్న: ఒకాయన రొయ్యల చెరువులోకి ఉప్పునీరు తోడి పెట్టాడు. గట్టు ఇంజనీరు చేత కట్టించాడు, రోజూ చూసుకుంటున్నాడు. అయినా పీతలు బొరియ చేయడంతో నీరు పక్క వరి చేలోకి పోయింది. ఆయన బాధ్యుడా, కాదా?

కావలి వకీలు:
ఇది 1868లో ఇంగ్లండులో తేలిన రైలాండ్స్ కేసు సూత్రం. నాకు పాఠం చెప్పనక్కరలేదు. మినహాయింపు ఒక్కటే అనడమే తప్పు. బాధితుడి సమ్మతి, మూడో వ్యక్తి చర్య, శాసనం ఇచ్చిన అధికారం, ఇవన్నీ ఉన్నాయి. ఇంతకీ చెరువుకు అనుమతి ఉందా? 1996లో జగన్నాథ్ కేసులో సాగు భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ చేను ఎక్కడుంది, చెరువు ఎప్పుడు తవ్వారు, కోర్టు పంపిన కమిషనర్ వెళ్లి చూశాడా? ఇవేవీ తెలియకుండా బాధ్యుడని నేను చెప్పను, చెప్పలేను.

ఒంగోలు లా విద్యార్థిని:
ఇచ్చిన పాఠం ప్రకారం బాధ్యుడే, అంతే. పావు మార్కు పోయింది సార్. నిమిషం కూడా దాటింది.

పెన్నా గట్టు:
😂

గూడూరు నిమ్మతోట:
ఇంగ్లీషు గొడవ ఒకటి చెబుతాను. క్లాట్‌ను ప్రాంతీయ భాషల్లోనూ పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. బార్ కౌన్సిల్ కూడా అందుకు మద్దతు పలికింది. తెలుగులో పెడితే మన పిల్లలు ఎవరికీ తీసిపోరు.

ఒంగోలు లా విద్యార్థిని:
పెట్టే రోజు వచ్చేదాకా ఆ అమ్మాయి ఆగాలా? రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం మన హైకోర్టులో వాదన ఇంగ్లీషులోనే. ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కోవలసిందే. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం గడియారం పెట్టుకుని చదవమనండి. చదివాక, రాసినవారు ఏమి తేల్చారో రెండు వాక్యాల్లో రాయాలి, తెలుగులో రాసినా సరే. మొదట్లో నాకు రెండో పేరాకు వచ్చేసరికి మొదటి పేరా గుర్తుండేది కాదు. పక్కన పెన్సిలుతో ఒక్కో పేరాకు ఒక్కో మాట రాసుకోవడం మొదలుపెట్టాక దారి దొరికింది. పాత ప్రశ్నపత్రాలు క్లాట్ నడిపే విశ్వవిద్యాలయాల కన్సార్టియం వెబ్‌సైటులో ఉంటాయి. డబ్బుకు ఇబ్బంది ఉంటే, న్యాయ ఆచార్యుడు షమ్నాద్ బషీర్ 2010లో మొదలుపెట్టిన ఐడియా (IDIA) సంస్థ పేద పిల్లలకు శిక్షణ ఇస్తుంది, విచారించండి.

గుడ్లూరు రైతు:
వకీలు గారూ, మా పక్క చెరువు నీరు నిజంగానే మా చేలోకి ఊరుతోంది. పైరు కొసలు ఎర్రబడి ఎండిపోతున్నాయి. ఎవరికి అర్జీ పెట్టాలి?

నిర్వాహకుడు:
దానికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ ప్రవేశ పరీక్షల గురించే.

కావలి వకీలు:
ఆయన్ను ఎందుకు ఆపుతున్నారు? లా చదువు ఎవరి కోసమో ఆయన ఒక్క ప్రశ్నతో చెప్పాడు. పెద్ద విశ్వవిద్యాలయం నుంచి ఒక అబ్బాయి శిక్షణకని నా దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు. అడంగల్ చేతికిస్తే తలకిందులుగా పట్టుకున్నాడు. కక్షిదారు ఏడుస్తుంటే ఫోను చూసుకుంటున్నాడు. వీళ్లు చదువయ్యాక ముంబయిలో కంపెనీల ఒప్పందాలు దిద్దుతారు. వాళ్లలో ఒక్కరైనా కావలి కోర్టు మెట్లెక్కుతారా? ఆ పిల్లను క్లాట్‌కు పంపడమంటే మన జిల్లాకు ఒక వకీలును తగ్గించడమే.

ఒంగోలు లా విద్యార్థిని:
ఇప్పుడు బయటపడింది. పరీక్ష కష్టమని కాదు మీ బాధ, నెగ్గితే తిరిగి రాదని. సరే, ఒక్కటి అడుగుతాను. మీ దగ్గర జూనియర్లకు నెలకు ఎంత ఇస్తున్నారు? గ్రామీణ ప్రాంతంలో కనీసం 15 వేలు, పట్టణాల్లో 20 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ సూచించింది. మా సీనియర్ అక్క పట్టా పుచ్చుకుని ప్రేమగా సొంత జిల్లాకే వచ్చింది. ఒక పెద్ద వకీలు కార్యాలయంలో ఏడాది పాటు వాయిదాలు రాసింది, జిరాక్సులు తెచ్చింది. చేతికి వచ్చింది పండక్కి ఒక చీర. ఆ తరువాత బెంగళూరు వెళ్లిపోయింది. ఆమెను జిల్లాకు దూరం చేసింది క్లాటా?

కావలి వకీలు:
మా సీనియర్ దగ్గర మాకు చీర కాదు కదా, తువ్వాలు కూడా దొరకలేదు. పని నేర్పారు, అదే జీతం. డబ్బు కావలసినవాళ్లు ఈ వృత్తిలోకి రాకూడదు.

ఒంగోలు లా విద్యార్థిని:
అయితే ఇంట్లో ఎకరాలున్న మగపిల్లలే రావాలన్నమాట. మా నాన్న లారీ నడుపుతారు సార్.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంతకీ ప్రశ్న అడిగినవారు ఎక్కడ?

కందుకూరు మేనమామ:
ఇక్కడే ఉన్నాను, అన్నీ చదువుతున్నాను. మొదట చెప్పని సంగతి ఒకటుంది. మాకూ రొయ్యల చెరువు తగాదానే. మా బావగారి పొలం పక్కన చెరువు తవ్వారు, రెండు పంటలు పోయాయి. కోర్టుకు వెళ్దామంటే వకీళ్లను పోషించలేమని, అమ్మాయి లా చదివి మన కేసు మనమే వేసుకుందామని ఆయన పట్టు. నెల్లూరు దాటి పంపకపోవడానికి అసలు కారణం అదే. అమ్మాయికి ఆ కేసు ఇష్టం లేదు. రాజ్యాంగం అంటే ఇష్టం.

కావలి వకీలు:
అదేం లెక్క అయ్యా! నష్టపరిహారం దావాకు మామూలుగా మూడేళ్లే గడువు. లా ఐదేళ్లు. ఆ పైన బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంటు, బార్ పరీక్ష. ఆమె కోటు వేసుకునేసరికి ఆ పంటల మీద అడగడానికి ఏమీ మిగలదు. నీరు ఇంకా ఊరుతోందంటే కొత్త నష్టానికి కొత్త గడువు ఉంటుంది, అది వేరే మాట. ముందు చేలో మట్టి పరీక్ష చేయించండి, ఫొటోలు తేదీలతో తీయించండి. పిల్ల చదువుకూ దావాకూ ముడి పెట్టవద్దని మీ బావగారితో నేను చెప్పానని చెప్పండి.

ఒంగోలు లా విద్యార్థిని:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత రాసే పని తప్పేది. అన్నా, క్లాట్ దరఖాస్తు గడువు చూసుకోండి. నా పాత సాధన పత్రాలు పంపిస్తాను, ఒంగోలు బస్టాండులో ఎవరైనా తీసుకోవచ్చు.

గుడ్లూరు రైతు:
మట్టి పరీక్ష మేమూ చేయించాలా వకీలు గారూ?

కావలి వకీలు:
మీరూ చేయించండి. ఇద్దరూ కాగితాలు తీసుకుని సోమవారం సాయంత్రం రండి, ఫీజు సంగతి తరువాత చూద్దాం. అమ్మా ఒంగోలు, ఆ పీతల ప్రశ్నకు మాత్రం నా జవాబు మారదు. అనుమతి పత్రం చూడనిదే ఏమీ చెప్పను.