కెమ్‌స్టేషన్ డేటాను క్రోమెలియన్‌లోకి మార్చితే పీక్ ఏరియా తేడా వస్తోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ఔషధ సంస్థ క్యూసీ (నాణ్యతా పరీక్షల) ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మా పాత హెచ్‌పీఎల్‌సీల (ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రాల) డేటా అంతా అజిలెంట్ సాఫ్ట్‌వేర్ కెమ్‌స్టేషన్‌లో, ఇంజెక్షన్‌కొక .డి ఫోల్డర్ చొప్పున ఉంది. ఇటీవల ల్యాబ్ మొత్తం క్రోమెలియన్ 7 అనే మరో సాఫ్ట్‌వేర్‌కు మారింది. స్టెబిలిటీ అధ్యయనం (నిల్వలో మందు నాణ్యత నిలుస్తుందో లేదో చూసే పరీక్ష) మధ్యలో ఉన్న ఒక ఉత్పత్తికి సంబంధించి పాత, కొత్త క్రోమటోగ్రామ్‌లను (యంత్రం గీసిన సిగ్నల్ గ్రాఫ్‌లను) ఒకదానిపై ఒకటి ఉంచి పోల్చవలసి వచ్చింది. పాత డేటాను కెమ్‌స్టేషన్ నుంచే ఏఐఏ అనే ఉమ్మడి ఫైల్ రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ .సీడీఎఫ్ ఫైళ్లను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకున్నాను. రిటెన్షన్ టైమ్‌లు (పీక్‌లు కనిపించే సమయాలు) సరిపోయాయి. అయితే అక్కడ 1842 ఉన్న ప్రధాన పీక్ ఏరియా (పీక్ కింది వైశాల్యం) ఇక్కడ ఇంటిగ్రేట్ చేస్తే, అంటే లెక్కిస్తే, 30.7 చూపిస్తోంది. డయోడ్ యారే స్పెక్ట్రా (అనేక తరంగదైర్ఘ్యాల వద్ద ఒకేసారి తీసిన యూవీ డేటా) అసలే రాలేదు. మార్పిడిలో డేటా దెబ్బతిన్నదా? ఇంతకంటే మంచి కన్వర్టర్ ఏదైనా ఉంటే చెప్పగలరు.

మొదటి జవాబు

మీ డేటాకు ఏమీ కాలేదండి. 1842ను 60తో భాగించి చూడండి, సరిగ్గా 30.7 వస్తుంది. కెమ్‌స్టేషన్ ఏరియాను మిల్లీ ఏయూ-సెకన్లలో (ఏయూ అంటే కాంతి శోషణ యూనిట్) ఇస్తుంది, క్రోమెలియన్ మిల్లీ ఏయూ-నిమిషాలలో ఇస్తుంది. రేపు ఎవరైనా ఇదే పీక్‌ను వాటర్స్ వారి సాఫ్ట్‌వేర్ ఎంపవర్‌లో చూస్తే, అది మైక్రోవోల్ట్-సెకన్లలో లెక్కిస్తుంది కాబట్టి 18,42,000 దరిదాపుల్లో కనిపిస్తుంది. స్టాండర్డ్ (గాఢత తెలిసిన ద్రావణం), శాంపిల్ రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఇంటిగ్రేట్ అయినంత వరకు అస్సే శాతానికి (మందులో అసలు పదార్థం ఎంతుందన్న లెక్కకు) ఈ తేడా తగలదు. పాత స్టాండర్డ్ ఏరియాను తెచ్చి కొత్త శాంపిల్ లెక్కలో వేస్తేనే ప్రమాదం. యూనిట్ సరిచేశాక కూడా చిన్న ఇంప్యూరిటీ పీక్‌ల దగ్గర కొంత తేడా మిగిలితే ఆశ్చర్యపోకండి, ఎందుకంటే బేస్‌లైన్ గీసే పద్ధతి ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో రకం.

రెండవ జవాబు

స్పెక్ట్రా రాకపోవడానికి కారణం ఆ ఫార్మాట్ స్వభావమే. ఏఐఏ, అంటే ఆండీ ఫార్మాట్, నెట్‌సీడీఎఫ్ అనే శాస్త్రీయ డేటా ఫైల్ రూపం మీద కట్టినది. ఏఎస్‌టీఎం ఈ1947 ప్రమాణం దాన్నే వివరిస్తుంది. అందులో ఒక ఫైలుకు ఒకే డిటెక్టర్ సిగ్నల్ ఉంటుంది. డయోడ్ యారే మొత్తం డేటా .డి ఫోల్డర్ లోపలి .యూవీ ఫైలులో ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోర్ట్‌లో అది అక్కడే ఉండిపోతుంది. మీకు రెండు మూడు తరంగదైర్ఘ్యాలు చాలనుకుంటే, కెమ్‌స్టేషన్‌లోనే ఆ సిగ్నళ్లను విడిగా తీసి ఒక్కొక్కటీ ఎక్స్‌పోర్ట్ చేయండి. పీక్ ప్యూరిటీ (ఒక పీక్‌లో ఒకే పదార్థం ఉందా అన్నది) మాత్రం పాత సాఫ్ట్‌వేర్‌లోనే చూడాలి. ఓపెన్‌క్రోమ్ వంటి ఉచిత సాధనం పరిశోధనకు ఉపయోగపడుతుంది గానీ, వాలిడేషన్ (సరిగా పనిచేస్తుందన్న రాతపూర్వక నిరూపణ) లేకుండా జీఎంపీ (ఔషధ తయారీ నాణ్యతా నియమాలు) వర్తించే ల్యాబ్‌లో వాడమని నేను చెప్పను. ఎంఎస్‌కన్వర్ట్ పేరు కూడా ఎవరో ఒకరు సూచిస్తారు. అది ప్రధానంగా మాస్ స్పెక్ట్రోమెట్రీ డేటా కోసం చేసినది, మీ యూవీ సమస్యకు సరిపోదు.

మూడవ జవాబు

నేను క్యూఏ (నాణ్యతా హామీ విభాగం) వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. .సీడీఎఫ్ ఫైలులో సిగ్నల్ వస్తుంది, కావాలంటే పీక్ పట్టిక కూడా వస్తుంది. ఆడిట్ ట్రైల్, ఎలక్ట్రానిక్ సంతకాలు, ఇంటిగ్రేషన్ ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారన్న చరిత్ర రావు. కాబట్టి దాన్ని పోలిక కోసం తీసిన ప్రతిగా చూపవచ్చు గానీ అసలు రికార్డుగా చూపలేరు. అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ఇచ్చిన డేటా ఇంటెగ్రిటీ మార్గదర్శకం కూడా ట్రూ కాపీలో (అసలుకు సరిసమానమైన ప్రతిలో) మెటాడేటా, అంటే డేటా గురించిన వివరాలు, ఉండాలనే అంటుంది. .డి ఫోల్డర్లనూ, మెథడ్, సీక్వెన్స్ ఫైళ్లనూ అలాగే భద్రపరచండి. వాటిని తెరవగల కెమ్‌స్టేషన్‌ను ఒక వర్చువల్ మెషీన్‌లోనైనా పనిచేసే స్థితిలో ఉంచండి. మా ఆడిట్‌లలో వచ్చిన మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే: ఈ పాత ఇంజెక్షన్‌ను ఇప్పుడు నా ముందు తెరవగలరా?

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి, 60 సంగతి తట్టనే లేదు. మార్పిడి సరిగా జరిగిందని ప్రోటోకాల్‌లో చూపడానికి ఏ పరీక్ష పెట్టాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు

పీక్‌ల కంటే ముందు బిందువులను సరిచూడండి. పైథాన్‌లోని సైపై లైబ్రరీ .సీడీఎఫ్‌ను నేరుగా తెరుస్తుంది. 25 నిమిషాల రన్‌లో శాంప్లింగ్ విరామం 0.2 సెకన్లు అయితే దాదాపు 7,500 బిందువులు ఉండాలి. రన్ మొదలయ్యాక ఆలస్యంగా డేటా సేకరణ ప్రారంభించిన మెథడ్ అయితే ఆ ఆలస్యం విలువ కూడా ఫైలులో ఉందో లేదో చూడండి, లేకపోతే పీక్‌లన్నీ అంతమేర ముందే వచ్చినట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత బ్లాంక్ (మందు లేని ద్రావణం), స్టాండర్డ్, క్వాంటిటేషన్ పరిమితి (నమ్మకంగా కొలవగల అతి తక్కువ మోతాదు) దగ్గరి ద్రావణం, ఈ మూడింటి ఏరియాలను రెండు సాఫ్ట్‌వేర్‌లలోనూ పోల్చి, అంగీకార పరిమితిని ముందే రాసిపెట్టుకోండి.